కిల్‌పాట్రిక్: ఒక ఊరి పేరు, ఒక ఇంటిపేరు

ఇంగ్లీషు కాస్త తెలిసినవారికి ‘కిల్’ అనగానే చంపడం గుర్తుకు వస్తుంది. అయితే ఐర్లాండు దేశపటం తెరిస్తే ఆ మాట ఊరూరా ఎదురవుతుంది. కిల్డేర్, కిల్కెన్నీ, కిలార్నీ, కిల్‌బ్రైడ్, కిల్‌పాట్రిక్ వంటి పేర్లు అక్కడ లెక్కకు మించి ఉన్నాయి. ఈ ‘కిల్’కూ చావుకూ ఏ సంబంధమూ లేదు. ఒకప్పుడు ఆ చోట దేవుని ఆరాధన జరిగిందని చెప్పే మాట ఇది.

ఈ పేర్లలో కిల్‌పాట్రిక్‌ను తీసుకొని దాని పుట్టుకనూ ప్రయాణాన్నీ పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇది ఊరి పేరు, ఇంటిపేరు కూడా. రెంటిలోనూ స్పెల్లింగు ఒకటే, ఉచ్చారణ ఒకటే. కాని ఊరి పేరులోని ‘కిల్’ వేరు, ఇంటిపేరులోని ‘కిల్’ వేరు. ఒకదానికి సంఘంతో సంబంధం, మరొకదానికి దాసునితో సంబంధం.

ఊరి పేరులో ‘కిల్’

సువార్త ఐర్లాండుకు చేరినప్పుడు దానితోపాటు లాటిన్ మాటలూ వచ్చాయి. చర్చి, బైబిలు, పాస్టరు అనే మాటలు మన తెలుగులో కలిసిపోయినట్టే అవి ఐరిష్ భాషలో కలిసిపోయాయి. లాటిన్‌లో ‘సెల్లా’ అంటే చిన్న గది. సన్యాసి ఒంటరిగా ప్రార్థించుకొనే గదికి ఆ పేరు ఉండేది. ఐరిష్ నోట అది ‘కిల్’ అయింది. ప్రార్థన గది చుట్టూ చిన్న మందిరం, దాని పక్కన సమాధుల దొడ్డి, వాటిని ఆనుకొని నాలుగు ఇళ్లు వెలిశాయి. కాలక్రమంలో అది ఊరైంది, గదిని సూచించిన మాట ఊరి పేరులో నిలిచిపోయింది. కిల్డేర్ అంటే సింధూర వృక్షం దగ్గరి మందిరం. కిల్కెన్నీ అంటే కెన్నిక్ అనే భక్తుని మందిరం. కిల్‌పాట్రిక్ అంటే పాట్రిక్ మందిరం. ఈ పేరుగల పల్లెలు ఐర్లాండులో పలు జిల్లాల్లో ఉన్నాయి. స్కాట్లండులో క్లైడ్ నది ఒడ్డున ఓల్డ్ కిల్‌పాట్రిక్ అనే ఊరు ఉంది.

పాట్రిక్ పేరు ఇతర రూపాల్లోనూ ఊళ్లకు అంటుకొంది. డౌన్‌పాట్రిక్ అంటే పాట్రిక్ కోట. టెంపుల్‌పాట్రిక్ అంటే పాట్రిక్ దేవాలయం. డొనా‌పాట్రిక్‌లోని మొదటి మాట ‘ప్రభువునకు చెందినది’ అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుండి వచ్చింది. డౌన్‌పాట్రిక్ సమీపంలో సాల్ అనే పల్లె ఉంది. సాల్ అంటే ధాన్యపు కొట్టు. స్థానిక నాయకుడొకడు తన కొట్టును ఆరాధనకు ఇచ్చాడనీ పాట్రిక్ సేవ అక్కడే మొదలైందనీ సంప్రదాయం. పాకల్లో, పశువుల కొట్టాల్లో కూడుకొని ఎదిగిన సంఘాలను ఎరిగిన మనకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాట్రిక్ పేరున్న ప్రతి ఊరిలోనూ ఆయన అడుగు పెట్టాడని అనుకోకూడదు. వాటిలో చాలావరకు తరువాతి తరాలవారు ఆయన జ్ఞాపకార్థం పెట్టుకొన్నవి. 7వ శతాబ్దంలో తిరెఖాన్ అనే బిషప్పు పాట్రిక్ స్థాపించినవిగా అనేక సంఘాల పేర్లు రాశాడు. అర్మా పట్టణపు సంఘం ఐర్లాండు అంతటిపైనా పెద్దరికం కోరుతున్న కాలమది. పాట్రిక్ పేరు ఉన్న సంఘం తమ కిందికి వస్తుందని చెప్పుకోవడానికి ఇటువంటి జాబితాలు పనికివచ్చాయి. భక్తితో పెట్టిన పేరు అధికారానికి ఆధారపత్రంగా మారడం ఆనాడే మొదలైంది.

పాట్రిక్ ఎవరు?

పాట్రిక్ 5వ శతాబ్దపు దైవసేవకుడు. ఆయన స్వయంగా రాసినవి రెండు మనకు మిగిలాయి. ఒకటి తన జీవిత సాక్ష్యం, రెండవది కొరోటికస్ అనే నాయకుని సైనికులకు రాసిన లేఖ. పాములను తరిమిన కథ, మూడు ఆకుల మొక్కతో త్రిత్వాన్ని బోధించిన కథ తరువాతి కాలంలో చేరినవి. ఆయన చేతిరాతలో అవి లేవు.

ఆయన ఐర్లాండులో పుట్టినవాడు కాదు. రోమా పాలనలోని బ్రిటన్‌లో పుట్టాడు. తండ్రి డీకను, తాత సంఘ పెద్ద. సేవకుల ఇంట పుట్టినా తాను అప్పటికి సత్యదేవుని ఎరుగనని ఆయనే ఒప్పుకొన్నాడు. దాదాపు 16 ఏళ్ల వయసులో దోపిడీదారులు ఆయనను పట్టుకొని ఐర్లాండుకు తీసుకుపోయి బానిసగా చేశారు. ఆరేళ్లు మంద కాశాడు. మంచులో, వానలో, తెల్లవారకముందే లేచి ప్రార్థించడం అక్కడే నేర్చుకొన్నాడు. తరువాత తప్పించుకొని, కాలినడకన చాలా దూరం వెళ్లి, ఓడ ఎక్కి, చివరకు ఇల్లు చేరాడు. అంతటితో కథ ముగిసి ఉండవచ్చు. కాని ఐర్లాండు ప్రజలు తనను తిరిగి రమ్మని వేడుకొంటున్నట్టు దర్శనం కలిగింది. తనను బానిసగా చేసిన ప్రజల దగ్గరకే సువార్త తీసుకొని వెళ్లాడు.

కొన్నేళ్లకు కొరోటికస్ సైనికులు పాట్రిక్ అప్పుడే బాప్తిస్మమిచ్చిన విశ్వాసుల మీద పడి కొందరిని చంపి, మిగిలినవారిని బానిసలుగా అమ్మడానికి పట్టుకుపోయారు. ఆ సైనికులు క్రైస్తవులమని చెప్పుకొనేవారే. బందీలను విడిపించమని పాట్రిక్ పంపిన మనుషులను వారు ఎగతాళి చేశారు. అప్పుడు ఆయన బహిరంగ లేఖ రాశాడు. పశ్చాత్తాపపడి దేవుని దాసులను విడిచిపెట్టేవరకు వారితో కలిసి తినవద్దు, తాగవద్దు, వారి కానుకలు పుచ్చుకోవద్దు అని విశ్వాసులను ఆదేశించాడు. తన జీవిత సాక్ష్యంలో బానిసత్వంలో ఉన్న స్త్రీలు అందరికంటె ఎక్కువగా శ్రమపడుతున్నారని ప్రత్యేకంగా రాశాడు. బానిసగా బతికినవాడు బానిసల పక్షాన రాసిన మాటలు గనుక వాటికి అంత బరువు ఉంది.

పాట్రిక్ అనే పేరుకు లాటిన్‌లో ఉన్నత వంశస్థుడని అర్థం. పుట్టుకతో తనకున్న ఆ గొప్పతనాన్ని ఇతరుల మేలు కొరకు అమ్ముకొన్నానని ఆయన అదే లేఖలో చెప్పాడు. ఉన్నతుడని పేరు పెట్టుకొని దాసుడుగా బతికినవాడు ఆయన.

ఇంటిపేరులో ‘కిల్’

ఇప్పుడు ఇంటిపేరు సంగతికి వద్దాము. ఐర్లాండు ప్రజలు తమ పిల్లలకు పాట్రిక్ అని పేరు పెట్టడానికి చాలా శతాబ్దాలు వెనుకాడారు. భక్తిగల వ్యక్తి పేరును మామూలుగా వాడుకోవడం అగౌరవమని భావించారు. అందుకని ‘గిల్లా ఫాడ్రిగ్’ అని పిలిచారు. ఐరిష్‌లో పాట్రిక్‌ను పాడ్రిగ్ అంటారు, ముందు మరో మాట చేరితే అది ఫాడ్రిగ్ అవుతుంది. ‘గిల్లా’ అంటే కుర్రవాడు, సేవకుడు. మొత్తానికి పాట్రిక్ దాసుడని అర్థం. ‘మేల్ ఫాడ్రిగ్’ అనే మరో రూపమూ ఉంది. ‘మేల్’ అంటే తల గొరిగించుకొని సమర్పించుకొన్నవాడు. ముల్‌పాట్రిక్ అనే ఇంటిపేరు దాని నుండి వచ్చింది.

గిల్లా ఫాడ్రిగ్ కుమారుణ్ణి ‘మాక్ గిల్లా ఫాడ్రిగ్’ అన్నారు. త్వరగా పలికితే మాక్‌లోని చివరి అక్షరం గిల్లాతో కలిసిపోతుంది, ‘గి’ కాస్తా ‘కి’గా వినిపిస్తుంది. ఇంగ్లీషు గుమాస్తాలు విన్నది విన్నట్టు రాసుకొన్నారు. అలా కిల్‌పాట్రిక్, గిల్‌పాట్రిక్ అనే ఇంటిపేర్లు పుట్టాయి. ఊరి పేరులోని మందిరమూ ఇంటిపేరులోని దాసుడూ ఒకే స్పెల్లింగులో కలిసిపోయింది ఇలాగే.

ఈ ‘గిల్లా’ కుటుంబం పెద్దది. గిల్‌క్రిస్ట్ అంటే క్రీస్తు దాసుడు. మెక్‌బ్రైడ్ అంటే బ్రిజిడ్ అనే భక్తురాలి దాసుని కుమారుడు. మెక్లీన్ అంటే యోహాను దాసుని కుమారుడు. 1997 నుండి 2011 వరకు ఐర్లాండు అధ్యక్షురాలుగా ఉన్న మేరీ మెకలీస్ ఇంటిపేరుకు మూలం ‘మాక్ గిల్లా ఈసా’, అంటే యేసుదాసు కుమారుడు. మన సంఘాల్లోని యేసుదాసు, క్రీస్తుదాసు, ప్రభుదాసు అనే పేర్లకు వీరంతా దూరపు చుట్టాలే. భాషలు వేరు, ఖండాలు వేరు. అయినా ఒకరితో ఒకరికి పరిచయం లేని ఈ రెండు ప్రజలు, విశ్వసించినప్పుడు ఒకే మాటను ఎన్నుకొన్నారు.

రాలిపోయిన మాట

మాక్ గిల్లా ఫాడ్రిగ్ వంశం ఐర్లాండు మధ్యభాగంలో ఓసొరీ అనే రాజ్యాన్ని ఏలింది. 16వ శతాబ్దంలో ఇంగ్లాండు రాజు 8వ హెన్రీ ఐరిష్ నాయకులకు ఒక ఏర్పాటు చూపించాడు. భూములను తనకు అప్పగిస్తే బిరుదులతోపాటు తిరిగి ఇస్తానన్నాడు. వంశ పెద్ద బ్రయన్ లొంగిపోయి 1541లో అప్పర్ ఓసొరీ బారన్ అయ్యాడు. ఇంటిపేరు ఫిట్జ్‌పాట్రిక్ అయింది. ‘ఫిట్జ్’ అనేది కుమారుడనే అర్థమిచ్చే నార్మన్ మాట, ప్రభువుల ఇళ్లలో వినబడే మాట.

ఈ మార్పులో ఏమి పోయిందో గమనించండి. పాత పేరుకు పాట్రిక్ దాసుని కుమారుడని అర్థం. కొత్త పేరుకు పాట్రిక్ కుమారుడని అర్థం. మిగిలినవన్నీ ఉన్నాయి, దాసుడు మాత్రం రాలిపోయాడు. దీనికై ఎవరూ కుట్ర చేయలేదు. రాజు కొలువులో ఆ మాటకు చోటు లేకపోయింది, అంతే.

సముద్రాలు దాటిన పేరు

నైరుతి స్కాట్లండులో మందిరాన్ని ‘కిర్క్’ అంటారు. అక్కడ కిర్క్‌పాట్రిక్ అనే పల్లెలు, ఆ పల్లెల నుండి కిర్క్‌పాట్రిక్ అనే ఇంటిపేరు వచ్చాయి. మనలోనూ ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు ఎన్నో కదా. 1609లో మొదలైన వలసలో స్కాట్లండువారు వేలాదిగా ఉత్తర ఐర్లాండులోని అల్స్టర్‌లో స్థిరపడ్డారు. స్కాట్లండు నుండి వచ్చిన కిల్‌పాట్రిక్‌లు, అక్కడివారే అయిన మాక్ గిల్లా ఫాడ్రిగ్‌లు ఆ ప్రాంతంలో ఒకే పేరు కిందికి చేరారు. 18వ శతాబ్దంలో అల్స్టర్ ప్రెస్బిటేరియన్ కుటుంబాలు అమెరికాకు తరలినప్పుడు పేరు వారితో సాగింది. 1845లో మొదలైన మహా కరువులో దాదాపు 10 లక్షలమంది మరణించారు, అంతకు మించి దేశం విడిచారు. ఫిట్జ్‌పాట్రిక్‌లు అమెరికాకూ ఆస్ట్రేలియాకూ చేరారు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలుగా ఉన్న ఆఫ్రికా సంతతివారిలో అనేకులకు యజమానుల ఇంటిపేర్లే మిగిలాయి. నేడు అక్కడ కిల్‌పాట్రిక్, కిర్క్‌పాట్రిక్ అనే నల్లజాతి కుటుంబాలు ఉన్నాయి. బానిసలను పట్టేవారితో భోజనం చేయవద్దని రాసినవాని పేరు ఇలా బానిసత్వపు గుర్తుగా మిగలడంకంటె విషాదం మరొకటి లేదు.

తెలుగు నేలకు కూడా ఈ పేరు వచ్చింది, సువార్తతో కాదు, కంపెనీతో వచ్చింది. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుండి 1805 వరకు హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. కోఠిలో మహిళా కళాశాలగా మనమెరిగిన రెసిడెన్సీ భవనాన్ని కట్టించినది ఆయనే. రాయలసీమను నిజాం కంపెనీకి దత్తం చేసిన 1800 నాటి ఒప్పందం కుదిర్చినదీ ఆయనే. ఖైరున్నిసాతో ఆయన వివాహాన్ని గురించి నేటికీ చెప్పుకొంటారు. ‘పాట్రిక్ మందిరం’ అనే అర్థమున్న పేరు రాజ్యాల మీద సంతకమైంది. పేరు ఎంత దూరమైనా పోతుంది, పేరులోని సాక్ష్యం దానంతటది పోదు. ఎవరైనా దాన్ని జీవిస్తేనే అది ముందుకు సాగుతుంది.

మన సంఘాలకు

దాసుడనే మాటను మన పెద్దలు తేలికగా ఎన్నుకోలేదు. ఇతరులకు దాస్యం చేసి అలసిన కుటుంబాలు కూడా తమ పిల్లలకు యేసుదాసు అని పేరు పెట్టాయి. ఇక మాకు యజమాని ఒక్కడే అని చాటడం అది. 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారి పేరులోనూ ఆ మాటే ఉంది. అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి పత్రిక రాస్తూ తన పేరు వెంటనే చెప్పుకొన్నది తాను క్రీస్తుకు దాసుడనని. ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయంలో క్రీస్తే దాసుని రూపం ధరించాడని చదువుతాము.

నేడు మన కూడికల ఫ్లెక్సీలు చూడండి. దైవసేవకుడనే మాట ఉంటుంది, దాని ముందూ వెనుకా బిరుదులు ఉంటాయి. సేవకుడనే మాటే పెద్ద బిరుదైపోయింది. వేదిక మీద కుర్చీ ఏ వరుసలో వేశారన్న దాని మీద మాటలు ఆగిపోయిన సేవకులు మనలో లేరా? ఓసొరీ వంశం మాటను వదిలేసింది. మనం మాటను ఉంచుకొని అర్థాన్ని వదిలేస్తున్నాము. ఈ రెండింటిలో ఏది ఎక్కువ నష్టమో ప్రతి సేవకుడు తనను తాను ప్రశ్నించుకోవాలి. ఈ మాట రాస్తున్న మేము కూడా ఆ ప్రశ్నకు బయట లేము.

మార్చి 17న పాట్రిక్ దినం జరుగుతుంది. ఆ రోజు లోకమంతా పచ్చని బట్టలు, ఊరేగింపులు కనబడతాయి. మన సంఘాల్లో ఆ దినాన్ని ఆచరించే అలవాటు అంతగా లేదు, ఆచరించమని మేము కోరడమూ లేదు. అయితే మీ సంఘంలో యేసుదాసు, క్రీస్తుదాసు, దేవదాసు అనే పెద్దలు ఉంటే, ఆ పేరు తమకు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో వారిని అడిగి తెలుసుకోండి, పిల్లలకు చెప్పండి. మీ ఊళ్లో మొదటి ప్రార్థన ఎవరి పాకలో జరిగిందో రాసి ఉంచండి. ఐర్లాండులో అటువంటి జ్ఞాపకాన్ని ఊరి పేరే పదిహేను వందల ఏళ్లుగా మోస్తూ వచ్చింది. మన దగ్గర దాన్ని మోయవలసినది సంఘమే.