మాన్యువల్ రాసేవాళ్లు ఏకమైన కథ

2025 జనవరి 29న అమెరికాలోని 'సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్' మూతపడుతున్నట్టు ప్రకటించింది. సభ్యులు తగ్గారు, రాబడి పడిపోయింది, దివాలా తప్పలేదు. ఎస్‌టీసీ అని సభ్యులు పిలుచుకునే ఆ సంఘానికి అప్పటికే ఏడు దశాబ్దాలు దాటాయి. యంత్రాలకీ సాఫ్ట్‌వేర్‌కీ మాన్యువల్స్ రాసే టెక్నికల్ రైటర్లకి అదే పెద్దదిక్కు. మాన్యువల్ మీద రచయిత పేరు సాధారణంగా ఉండదు. సంఘం మూతపడిన వార్త కూడా బయటివాళ్లకి పెద్దగా పట్టలేదు.

ఈ పనిని వృత్తిగా నిలబెట్టింది రెండో ప్రపంచయుద్ధం. రాడార్లు, బాంబర్లు కుప్పలుగా తయారయ్యాయి. వాటిని నడపాల్సిందేమో నిన్నమొన్నటిదాకా పొలాల్లో, దుకాణాల్లో పనిచేసిన కుర్రాళ్లు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో వాళ్లకి అర్థమయ్యేలా ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా! యుద్ధం ముగిశాక కంప్యూటర్ వచ్చింది. నార్త్రాప్ విమాన కంపెనీ కోసం ఎకర్ట్-మాక్లీ సంస్థ తయారుచేసిన బైనాక్ కంప్యూటర్‌కి 1949లో జోసెఫ్ చాప్లైన్ రాసినదాన్ని తొలి కంప్యూటర్ మాన్యువల్ అంటారు. ఆ యంత్రం నార్త్రాప్ చేతికి వెళ్లాక సరిగా పనిచేసిందా లేదా అన్న తగాదా తెగలేదు గానీ, మాన్యువల్ మాత్రం చరిత్రకెక్కింది.

1953లో బోస్టన్‌లో ఒకటి, న్యూయార్క్‌లో ఒకటి రైటర్ల సంఘాలు పుట్టాయి. మరుసటి ఏడాది విమాన పరిశ్రమకి పుట్టిల్లయిన లాస్ ఏంజెలెస్‌లో మూడోది. మొదటి రెండూ 1957లో కలిశాయి, 1960లో మూడోదీ చేరింది, 1971లో ఎస్‌టీసీ పేరు స్థిరపడింది. బ్రిటన్‌లోనూ మూడు సంఘాలు కలిసే 1972లో ఒక ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఇంజినీర్లు, కంప్యూటర్ నిపుణులు తమ సంస్థల్లో ఈ రాతపనికి వేరుగా విభాగాలు పెట్టుకున్నారు.

ఎస్‌టీసీకి అసలు ప్రాణం కేంద్ర కార్యాలయంలో కాదు, ఊరూరా ఉన్న చాప్టర్లలో, 'సిగ్'లనే ఆసక్తి బృందాల్లో ఉండేది. పుస్తకం చివర పదసూచిక తయారుచేసేవాళ్లకి ఒక సిగ్, సొంతంగా కాంట్రాక్టులు చేసుకునేవాళ్లకి ఇంకొకటి. అన్నింటికన్నా ముచ్చటైనది 'లోన్ రైటర్' సిగ్. వందలమంది ఇంజినీర్లున్న కంపెనీలో రైటర్ ఒక్కరే అయితే, రాసింది చూసిపెట్టే తోటివారే ఉండరు. అలాంటి ఒంటరివాళ్లంతా కలిసి ఒక గుంపయ్యారు. చాప్టర్లు మాన్యువల్స్‌కి పోటీలు కూడా పెట్టేవి. బహుమతి రాకపోయినా న్యాయనిర్ణేతలు రాసిచ్చే వ్యాఖ్యలు దక్కేవి. ఆఫీసులో ఎవరూ చదవని పుస్తకాన్ని పరాయివాళ్లు అంత శ్రద్ధగా చదవడమంటే మాటలా?

సర్కారీ లెక్కల్లో చోటు కోసం కూడా సంఘం పట్టుపట్టింది. అమెరికా కార్మిక గణాంక శాఖ చాలాకాలం వీళ్లని మామూలు రచయితలు, ఎడిటర్లతో కలిపి చూపింది. 2010 నాటికి ఆ శాఖ ఉద్యోగ దర్శినిలో టెక్నికల్ రైటర్లకి విడిగా పద్దు వచ్చింది. జీతం బేరమాడేటప్పుడు చేతిలో చూపించడానికి ఒక కాగితం దొరికినట్టయింది.

ఈ శతాబ్దం మొదట్లో సభ్యులు 20 వేలు దాటారు. మన ఐటీ కంపెనీలు ఎదుగుతున్న కాలమూ అదే. ఇండియా చాప్టర్ కింద బెంగళూరు, పుణె లాంటి నగరాలతోపాటు హైదరాబాద్‌లోనూ బృందం నడిచింది. ఇంగ్లీషు ఎమ్మే చేసి, పత్రికల్లోనో కాలేజీల్లోనో పనిచేసి ఈ వృత్తిలోకి వచ్చినవారికి ఆ సమావేశాలే బడి, ఉద్యోగాల కబురు తెలిసేదీ అక్కడే.

మరి పతనం దేనికి? ఎస్‌టీసీ చందా పుచ్చుకుని అందించిన ముఖ్యమైన సరుకు తోటివారి పరిచయమే. అది ఉచితంగా దొరకడం మొదలైంది. 2013లో పోర్ట్‌లాండ్‌లో మొదలైన 'రైట్ ద డాక్స్'కి సభ్యత్వ రుసుమే లేదు. ప్రోగ్రామర్లు, కస్టమర్ సపోర్ట్ వాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు, వలంటీర్లే నడిపిస్తారు.

1978లో పుట్టిన జర్మనీ సంఘం 'టెకామ్' దారి వేరు. సూచనల పుస్తకం జతచేయకుండా యంత్రాన్ని అమ్మడానికి యూరప్ చట్టాలు ఒప్పుకోవు. దాంతో ఆ నిబంధనలు తెలిసినవాళ్లతో యంత్రాల కంపెనీలకి నిత్యం పనే. అందుకే టెకామ్‌లో రైటర్లతోపాటు కంపెనీలూ సభ్యులుగా ఉంటాయి.