అడిగిన ప్రశ్న, అడగని ప్రశ్నలు: బ్రెగ్జిట్ తీర్పు అమలులో నాయకత్వ బాధ్యత

2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్ల చేతికి వచ్చిన బ్యాలెట్ పత్రంపై ఉన్నది ఒక్కటే ప్రశ్న: ఐరోపా సమాఖ్యలో సభ్యదేశంగా కొనసాగాలా, వైదొలగాలా? 72.2 శాతం మంది ఓటు వేశారు. వైదొలగాలన్నవారు 1,74,10,742 మంది; కొనసాగాలన్నవారు 1,61,41,241 మంది. శాతాల్లో 51.9, 48.1. ఇంగ్లండ్, వేల్స్ వైదొలగడం వైపు మొగ్గితే, స్కాట్లాండ్ 62 శాతంతో, ఉత్తర ఐర్లండ్ 55.8 శాతంతో కొనసాగాలన్నాయి. ఆ తర్వాతి మూడున్నరేళ్లు ఆ దేశ ప్రజాజీవితాన్ని రెండు వాదాలు పంచుకున్నాయి. ప్రజలు తేల్చి చెప్పాక నాయకుడు చేయాల్సింది అమలు ఒక్కటే, చర్చకు తావు లేదన్నది మొదటిది. అబద్ధపు ప్రచారంతో, అతి తక్కువ తేడాతో వచ్చిన ఫలితానికి కట్టుబడనక్కర్లేదు, మళ్లీ అడగాలన్నది రెండోది. రెండూ అసలు విషయాన్ని వదిలేశాయని నా అభిప్రాయం. రెఫరెండం ఫలితం పాలకులను కట్టిపడేస్తుంది; అయితే అడిగిన ప్రశ్న మేరకే కట్టిపడేస్తుంది. అడగని ప్రశ్నలకు నాయకుడు తన సొంత జవాబును ప్రజల తీర్పుగా ప్రకటిస్తే, గెలిచినవారి తీర్పు వక్రమవుతుంది, ఓడినవారికి ఆ తీర్పును అంగీకరించే దారి మూసుకుపోతుంది. బ్రిటన్ సంక్షోభానికి ఓట్ల తేడా కంటే ఈ నాయకత్వ దోషమే పెద్ద కారణం.

ముందు చట్టం ఏం చెప్పిందో చూడాలి. 2011 మే 5న ఎన్నికల పద్ధతి మార్పుపై బ్రిటన్‌లో జరిగిన రెఫరెండానికి ఆధారమైన చట్టం, ‘అవును’ అన్నవారు గెలిస్తే మంత్రి ఏ ఉత్తర్వు తేవాలో ముందే రాసిపెట్టింది. 1979లో స్కాట్లాండ్ స్వపరిపాలనపై ఓటింగుకు మరో షరతు ఉండేది: మొత్తం ఓటర్లలో కనీసం 40 శాతం అనుకూలించాలి. పోలైన ఓట్లలో 51.6 శాతం ‘అవును’ అన్నా, మొత్తం ఓటర్లలో అది దాదాపు 33 శాతమే కావడంతో ఆ ప్రతిపాదన ఆగిపోయింది. అంటే రెండు పద్ధతులూ బ్రిటిష్ పార్లమెంటుకు తెలిసినవే. అయినా 2015 నాటి ఐరోపా సమాఖ్య రెఫరెండం చట్టంలో కనీస పరిమితి లేదు, అమలు యంత్రాంగమూ లేదు. ఓటింగు జరపాలని చెప్పి, ఆ తర్వాత ఏం జరగాలో చెప్పకుండా ఊరుకుంది. ఈ ఖాళీ వల్లనే 2017 జనవరి 24న సుప్రీంకోర్టు 8–3 మెజారిటీతో, పార్లమెంటు చట్టం లేకుండా ప్రభుత్వం వైదొలిగే నోటీసు ఇవ్వజాలదని చెప్పాల్సివచ్చింది. అంతకుముందు నవంబరులో ఇదే మాట చెప్పిన హైకోర్టు న్యాయమూర్తులను ఒక దినపత్రిక మొదటి పేజీలో ప్రజల శత్రువులుగా చిత్రించింది. చట్టసభ పూరించకుండా వదిలిన చోటును ఎత్తిచూపినందుకు న్యాయమూర్తులు ఆ మాట పడాల్సిరావడం అన్యాయం.

చట్టపరంగా ఫలితం సలహా మాత్రమే అయితే దాన్ని పక్కన పెట్టవచ్చుగా అని రెండో పక్షంవారు వాదించారు. ఈ వాదన నిలవదు. రెఫరెండం బిల్లును రెండో పఠనంలో దిగువసభ 544–53 ఓట్లతో ఆమోదించింది. ఓటింగుకు ముందు ప్రభుత్వం ఇంటింటికీ పంపిన కరపత్రం, ఈ నిర్ణయం మీదే, మీరేం నిర్ణయిస్తే అది అమలు చేస్తాం అని మాట ఇచ్చింది. చట్టం నోరు విప్పని చోట పాలకులు తమంతట తాము ఇచ్చిన మాట అది. ఆ మాట నమ్మి, ఎన్నడూ పోలింగ్ కేంద్రం ముఖం చూడని వారు కూడా వచ్చి ఓటేశారు. వారితో ఇప్పుడు అది సలహా మాత్రమేనని చెబితే, ఇక ఏ ఎన్నికనూ వారు నమ్మరు. తేడా స్వల్పమన్నదీ సరిపోదు. 1997లో వేల్స్ శాసనసభ ఏర్పాటుకు వచ్చిన మద్దతు కేవలం 50.3 శాతం, ఓటేసినవారు ఓటర్లలో సగం మంది. అయినా దాన్ని అమలు చేశారు, వ్యతిరేకించిన కన్జర్వేటివ్‌లు కూడా ఒప్పుకున్నారు. ఆట మొదలయ్యాక నియమాలు మార్చడం ఓడినవారి హక్కు కాదు.

కాబట్టి వైదొలగాలి. ఎలా? ఇక్కడే అసలు కథ ఉంది. ఉమ్మడి మార్కెట్‌లో ఉండి సమాఖ్య బయట ఉన్న నార్వే పద్ధతి ఒకటి. సుంకాల విషయంలో కస్టమ్స్ యూనియన్‌తో ముడిపడిన టర్కీ పద్ధతి మరొకటి. కెనడా తరహా వాణిజ్య ఒప్పందం ఇంకొకటి. అసలే ఒప్పందం లేకుండా బయటపడటం చివరిది. ఈ నాలుగింటినీ ‘వైదొలగాలి’ అన్న జవాబు అనుమతిస్తుంది, ఏ ఒక్కదాన్నీ ఆదేశించదు. పైగా ఉత్తర ఐర్లండ్‌కూ ఐర్లండ్ రిపబ్లిక్‌కూ మధ్య ఉన్న సరిహద్దును 1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం తర్వాత కనిపించకుండా నిలిపిన ఏర్పాటు ఏమవుతుందన్నది బ్యాలెట్‌పై లేదు. ప్రధాని డేవిడ్ కామెరాన్ ఓటమి మర్నాడే రాజీనామా ప్రకటించారు. వైదొలగాలని తీర్పు వస్తే ఏం చేయాలో ముందుగా సిద్ధం కావద్దని ఆయన ప్రభుత్వం శాఖలను ఆదేశించిన తీరును, పార్లమెంటు విదేశాంగ వ్యవహారాల కమిటీ ఆ జులైలోనే ఘోర నిర్లక్ష్యమని తప్పుపట్టింది. ప్రశ్న అడిగినవాడే ఒక జవాబుకు సిద్ధపడకపోవడం కంటే పెద్ద బాధ్యతారాహిత్యం ఉంటుందా? జులై 13న ప్రధాని అయిన థెరిసా మే ‘బ్రెగ్జిట్ అంటే బ్రెగ్జిటే’ అన్న నినాదంతో ఆ ఖాళీని కప్పారు. 2017 జనవరి 17న లాంకస్టర్ హౌస్ ప్రసంగంలో ఉమ్మడి మార్కెట్ నుంచీ, అప్పటి కస్టమ్స్ యూనియన్ నుంచీ బయటికి వస్తున్నామని ప్రకటించారు. పార్లమెంటు ముందు ప్రత్యామ్నాయాలు పెట్టలేదు, ప్రతిపక్షంతో కూర్చోలేదు, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్‌ల అంగీకారం వెతకలేదు. తన నిర్ణయాన్ని ప్రజల ఆజ్ఞగా చెప్పారు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ప్రచార సమయంలో కామెరాన్ స్వయంగా, వైదొలగడమంటే ఉమ్మడి మార్కెట్‌ను వదులుకోవడమేనని హెచ్చరించారు. వైదొలగాలన్న పక్షంలో ప్రముఖులూ అదే చెప్పారు. కనుక ఓటర్లకు విషయం తెలుసు అంటారు. ఇందులో కొంత నిజముంది, దాన్ని కాదనను. ప్రజల స్వేచ్ఛా సంచారంపై అసంతృప్తే ఆ ఓటుకు ఒక ప్రధాన చోదకమైనప్పుడు, ఆ సంచారాన్ని యథాతథంగా ఉంచే నార్వే పద్ధతిని రాజకీయంగా నిలబెట్టడం కష్టమే. కానీ ఒక హెచ్చరిక ఆజ్ఞాపత్రం కాజాలదు. నార్వే ఉదాహరణను ఆశగా చూపినవారు కూడా వైదొలగాలన్న పక్షంలోనే ఉన్నారు. కస్టమ్స్ యూనియన్ మాట ప్రచారంలో పెద్దగా నలగనే లేదు. ఐరిష్ సరిహద్దును తేల్చేవాటిలో మాత్రం అది ముఖ్యమైనది.

నాయకత్వంపై మరో వాదం కూడా ఆ రోజుల్లో జోరుగా సాగింది: కొనసాగాలని ఓటేసిన థెరిసా మే వైదొలగే పనిని చిత్తశుద్ధితో చేయగలరా, ఆ పని నమ్మినవారికే అప్పగించాలి కదా అని. ఆమె సొంత ఓటు ఏమిటన్నది అంత ముఖ్యమని నేననుకోను. ఇందుకు మన దేశంలోనే స్పష్టమైన దృష్టాంతం ఉంది. 1967 జనవరి 16న గోవాలో జరిగిన అభిప్రాయ సేకరణలో మహారాష్ట్రలో విలీనానికి 1,38,170, కేంద్రపాలిత ప్రాంతంగా కొనసాగడానికి 1,72,191 ఓట్లు వచ్చాయి. విలీనం కోరిన ముఖ్యమంత్రి దయానంద్ బందోద్కర్ మంత్రివర్గం ఓటింగు నిష్పక్షపాతంగా జరగడానికి ముందే తప్పుకుంది, రాష్ట్రపతి పాలన వచ్చింది. తన జీవితాశయం ఓడిపోయాక ఆయనే కొద్ది నెలలకు ఎన్నికల్లో గెలిచి, విలీనం కాని గోవాను పాలించారు. ఆ తీర్పు నిలిచింది. 1987 మే 30న గోవా రాష్ట్రమైంది. అక్కడ అమలు సాఫీగా సాగడానికి బందోద్కర్ మనసు మారడం కారణమని చెప్పలేం. ఓటర్ల ముందు పెట్టిన రెండు జవాబులూ స్పష్టమైనవి. ఎటు తిరిగినా గమ్యం తెలిసిన దారే. కేంద్రపాలిత ప్రాంతమంటే ఏమిటో ఓటర్లు అప్పటికే అనుభవిస్తున్నారు, మహారాష్ట్రలో చేరడమంటే ఏమిటో ఊహించగలరు. బ్రిటన్ ఓటరుకు ఒక గమ్యం తెలుసు, రెండో దానికి పేరు మాత్రమే తెలుసు. ఆ పేరు వెనుక ఏముండాలో ఓటు తర్వాత నిర్ణయించాల్సివచ్చినప్పుడు, నిర్ణయించే పద్ధతి న్యాయంగా ఉందా లేదా అన్నదే నాయకుడి చిత్తశుద్ధికి గీటురాయి.

ఆ పద్ధతిని సరిదిద్దుకోవడానికి థెరిసా మేకు ఒక అవకాశం వచ్చింది. 2017 జూన్ 8 ఎన్నికల్లో ఆమె పార్టీ మెజారిటీ కోల్పోయి 317 స్థానాలకు తగ్గింది. వైదొలగాలన్న తీర్పును ఒప్పుకుంటున్నట్టు లేబర్ పార్టీ తన ప్రణాళికలోనే రాసుకుంది. అంతకుముందు ఫిబ్రవరిలో నోటీసు బిల్లుకు రెండో పఠనంలో 498 మంది అనుకూలంగా, 114 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ‘వైదొలగాలా వద్దా’ తేలిపోయింది, ‘ఎలా’ కలిసి తేల్చుకుందాం అనడానికి అంతకంటే అనువైన సమయం మళ్లీ రాలేదు. ఆమె బ్రిటన్‌తో ఐక్యత కోరే ఉత్తర ఐర్లండ్ పార్టీ డీయూపీకి చెందిన పది మంది సభ్యుల మద్దతుతో పాత దారిలోనే నడిచారు. ఐరోపా సమాఖ్యతో ఆమె కుదుర్చుకున్న వైదొలిగే ఒప్పందం 2019 జనవరి 15న దిగువసభలో 432–202తో ఓడింది. బ్రిటిష్ పార్లమెంటు ఆధునిక చరిత్రలో ఏ ప్రభుత్వానికీ అంత పెద్ద ఓటమి లేదు. మార్చి 20న టీవీలో ప్రజలనుద్దేశించి, నేను మీ పక్షం, అడ్డుపడుతున్నది ఎంపీలు అన్న ధోరణిలో మాట్లాడారు. ఎంపీల ఓట్లు కావాల్సిన సమయంలోనే వారిని ప్రజల ముందు దోషులుగా నిలబెట్టడం నైతికంగానే కాదు, రాజకీయంగానూ పొరపాటు. రెండోపక్షం నిర్దోషి అని కాదు. ఏప్రిల్ 1న శాశ్వత కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన 273–276తో, కేవలం మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. మళ్లీ రెఫరెండం కావాలన్నవారిలో కొందరు దానికి వ్యతిరేకంగా ఓటేశారు, కొందరు తటస్థంగా ఉండిపోయారు. పూర్తి విజయం కోసం అందుబాటులో ఉన్న సర్దుబాటును వారు కాలదన్నారు.

సర్దుబాటు అంటేనే తీర్పుకు ద్రోహం కాదా అని అడిగేవారికి స్విట్జర్లాండ్ జవాబు చెబుతుంది. 2014 ఫిబ్రవరి 9న వలసలపై పరిమితులు విధించాలన్న ప్రతిపాదన అక్కడ 50.3 శాతంతో గెలిచింది. దాన్ని అక్షరాలా అమలు చేస్తే ఐరోపా సమాఖ్యతో ఉన్న ఒప్పందాలు కూలిపోతాయి. 2016 డిసెంబరులో పార్లమెంటు స్థానిక నిరుద్యోగులకు కొంత ప్రాధాన్యమిచ్చే మెత్తని చట్టం చేసింది. కోపగించినవారు ఊరుకోలేదు, స్వేచ్ఛా సంచార ఒప్పందాన్నే రద్దు చేయాలని మళ్లీ ఓటింగు తెచ్చారు. 2020 సెప్టెంబరు 27న ఓటర్లు దాన్ని దాదాపు 62 శాతంతో తిరస్కరించారు. డెన్మార్క్ 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని 50.7 శాతంతో కాదంది. ప్రభుత్వం మినహాయింపులు సాధించుకుని వచ్చాక 1993లో 56.7 శాతంతో అవునంది. అక్కడ రెండోసారి అడిగింది మొదటి ప్రశ్ననే కాదు, మారిన ఒప్పందాన్ని. బ్రిటన్‌లో రెండో రెఫరెండం కోరినవారు ‘ఈ ఒప్పందం మీకు సమ్మతమా’ అని మాత్రమే అడిగి ఉంటే వారి వాదానికి బలముండేది. చాలామంది దాన్ని 2016 ఫలితాన్ని తుడిచేసే సాధనంగా చూశారు, ఎదుటివారికీ అలాగే కనిపించింది.

‘ఎలా’ అన్నదాన్ని నాయకుల మాటకు వదిలేస్తే ఏమవుతుందో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితేనే ఆంధ్రతో కలపాలని సూచించింది. వ్యవధి, వేదిక, పరిమితి మూడూ అందులో ఉన్నాయి. వాటిని దాటేసి 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం మీద నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది. ఆ ఒప్పందంలోని రక్షణలు అమలు కావడం లేదన్న ఆవేదనే 1969లో వీధికెక్కింది. అక్కడ రెఫరెండం లేదు, పోలిక అంతవరకే. అయినా కలయికకు షరతులను చట్టంలో కట్టుదిట్టంగా బిగించకపోతే, ఆ తగవు తరాల పాటు నడుస్తుందన్నది మన అనుభవం.

బ్రిటన్‌లో చివరికి 2019 డిసెంబరు 12 ఎన్నికలు చిక్కుముడి విప్పాయి కదా, 80 స్థానాల మెజారిటీతో, మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ అన్ని ప్రశ్నలకూ అధికారం పొందారు కదా అని అడగవచ్చు. వైదొలగే అధికారం నిస్సందేహంగా పొందారు. 2020 జనవరి 31న దేశం వైదొలిగింది, ఆ తీర్పును ఇక ఎవరూ తిరగదోడనక్కర్లేదు. కానీ 43.6 శాతం ఓట్లతో వచ్చిన ఆ మెజారిటీ ఉత్తర ఐర్లండ్ అంగీకారాన్ని సంపాదించలేకపోయింది. గ్రేట్ బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్య సముద్రం దాటే సరుకులకు తనిఖీలు వచ్చాయి. నిరసనగా 2022 ఫిబ్రవరిలో డీయూపీ అక్కడి ప్రభుత్వం నుంచి తప్పుకుంది; 2023లో ఆ తనిఖీలను సడలించే విండ్సర్ ఒప్పందం కుదిరాక కూడా 2024 ఫిబ్రవరి దాకా బెల్ఫాస్ట్‌లో మంత్రివర్గం లేదు. 2016లో బ్యాలెట్‌పై లేని ఆ సరిహద్దు ప్రశ్న 2024 డిసెంబరు 10న ఉత్తర ఐర్లండ్ శాసనసభ ముందుకు వచ్చింది. ఆ వాణిజ్య ఏర్పాటు కొనసాగాలని 48 మంది, వద్దని 36 మంది ఓటేశారు. బ్రిటన్‌తో ఐక్యత కోరే యూనియనిస్టు సభ్యుల్లో ఒక్కరూ అనుకూలంగా ఓటేయలేదు.