రోగి మంచము ప్రక్కన వైద్యవిద్య

వైద్యవిద్యార్థి కొన్ని వారములు జ్వరముల వార్డులోను, కొన్ని వారములు శస్త్రచికిత్స వార్డులోను, మరికొన్ని వారములు కాన్పుల వార్డులోను వంతులవారీగా పని నేర్చుకొనుట నేడు అందరెరిగిన సంగతియే. వైద్యము ఎప్పుడును ఇట్లే నేర్చుకొనుచుండిరని మనకు తోచును. కాని ఐరోపా విశ్వవిద్యాలయములలో చాలకాలము పుస్తకమునకున్న స్థానము రోగికి లేకుండెను. ఆచార్యుడు పీఠముపై కూర్చుండి గాలెన్ మొదలగువారి గ్రంథములను లాటినులో వివరించును. శిష్యుడు విని, వాదమున నెగ్గి, పట్టము పుచ్చుకొనును.

పదునారవ శతాబ్దమున ఇటలీలోని పాడువా నగరమున జొవాన్ని బత్తిస్తా ద మోంతె అను ఆచార్యుడు శిష్యులను ఆసుపత్రికి వెంటబెట్టుకొనిపోయి, రోగి ప్రక్కనే నిలిచి పాఠము చెప్పెను. 1636లో హాలెండునందలి లైడెన్ విశ్వవిద్యాలయము ఈ పద్ధతికి ఒక నిలుకడ కల్పించెను. అక్కడ బోధనకై ప్రత్యేకించినవి పండ్రెండు మంచములే: ఆరు పురుషులకు, ఆరు స్త్రీలకు. 1714 నుండి ఆ మంచముల ప్రక్కన హెర్మన్ బూర్హావే బోధింపగా, వినుటకు ఐరోపా నలుమూలలనుండి విద్యార్థులు వచ్చిరి. లైడెన్‌లో చదివినవారి మూలమున ఈ పద్ధతి ఎడింబరోకును, వియన్నాకును ప్రాకెను. అయినను శిష్యుడు చాలవరకు ప్రేక్షకుడే. చూచి నేర్చుకొనుట వేరు, చేసి నేర్చుకొనుట వేరు గదా!

ఫ్రెంచి విప్లవము ఈ దూరమును తగ్గించెను. 1794లో ఏర్పడిన క్రొత్త పాఠశాలలలో విద్యార్థి తానే రోగి నాడి చూచి, రొమ్ముపై తట్టి, శ్వాసధ్వనిని విని రోగమును ఊహింపవలెను. రోగి మరణించినచో శవమును కోసి, ఆ ఊహ ఎంతవరకు సరియో తేల్చుకొనవలెను. వార్డునకును శవపరీక్షశాలకును మధ్య ఇట్లు ఏర్పడిన బాటలో ఆధునిక వైద్యజ్ఞానము నడచివచ్చెను. ఆ బాటలోనే మృత్యువు కూడ నడచిన సంగతి వియన్నాలో బయటపడెను.

వియన్నా పెద్దాసుపత్రిలో కాన్పుల విభాగములు రెండు. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు పని నేర్చుకొనుచుండిరి. ఏ దినమున వచ్చిన స్త్రీని ఏ విభాగమున చేర్చుకొనవలెనో ముందే నిర్ణయమై యుండెను. 1846లో మొదటి విభాగమున 4,010 కాన్పులకు 459 మంది తల్లులు మరణించిరి. రెండవదానిలో 3,754 కాన్పులకు 105 మంది. ఎక్కువ మందిని బలిగొన్నది సూతికాజ్వరము. మొదటి విభాగమున చేర్పవలదని స్త్రీలు కాళ్లపై బడి వేడుకొనుచుండిరి. వేయిమందిని చంపినవాడు అరవైద్యుడని మనవారు పరిహాసమునకు చెప్పుకొను మాట అక్కడ పరిహాసము కాకపోయెను.

ఆ విభాగమున సహాయకుడైన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనేక కారణములను ఒక్కటొక్కటిగా పరీక్షించి త్రోసివేసెను. 1847 మార్చిలో ఆయన మిత్రుడు కోలెచ్కా శవపరీక్ష సమయమున విద్యార్థి కత్తి వ్రేలికి గ్రుచ్చుకొని, ఆ గాయమువలన మరణించెను. అతని శరీరమున కనబడిన గుర్తులు మరణించిన తల్లులలో కనబడినట్టివే. అంతట సెమ్మెల్‌వైస్‌కు విషయము బోధపడెను. విద్యార్థులు శవములను కోసిన చేతులతోనే కాన్పు గదికి వచ్చి గర్భిణులను పరీక్షించుచుండిరి. మంత్రసానులకు శవములతో పని లేదు. మే నెలనుండి ప్రతివారును క్లోరిను ద్రావణముతో చేతులు కడుగుకొని తీరవలెనని ఆయన నియమము పెట్టెను. 1848లో మొదటి విభాగమున 3,556 కాన్పులకు మరణములు 45 మాత్రమే.

విద్యార్థుల దినచర్యయే ఇక్కడ దోషి; వారి అశ్రద్ధ కాదు. సూక్ష్మజీవులే ఇట్టి రోగములకు కారణమని అప్పటికి తేలలేదు. అయినను తమ చేతులే మృత్యుకారణమను మాటను పెద్ద వైద్యులలో పలువురు సహింపలేకపోయిరి. సెమ్మెల్‌వైస్ 1865లో మానసిక చికిత్సాలయమున మరణించెను.

విద్యార్థిని వార్డునుండి వెలివేయుట దీనికి మందు కాలేదు. అతనికి వార్డులో బాధ్యతగల పని నప్పగించుటయే తరువాతి కాలము చూపిన త్రోవ. అమెరికాలోని బాల్టిమోరునందు 1893లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ వైద్యపాఠశాలలో విలియం ఆస్లర్ విద్యార్థులకు ఒక్కొక్కరికి కొన్ని మంచములు అప్పగించెను. రోగి చెప్పిన వృత్తాంతము వ్రాయుట, రక్తమును మూత్రమును పరీక్షించుట, ఆచార్యుడు వచ్చినప్పుడు సమాధానము చెప్పుట వారి వంతు. లండను ఆసుపత్రులలో ఇట్టి ఆచారము అదివరకే కలదు. ఆస్లర్ దానిని చదువునకు వెన్నెముక చేసెను. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాలలోని 155 వైద్యపాఠశాలలను పరిశీలించి ప్రకటించిన నివేదికలో, ఆసుపత్రితో సరియైన సంబంధము లేని పాఠశాలలను తీవ్రముగా దూషించెను. తరువాతి సంవత్సరములలో అట్టివి అనేకము మూతపడెను.

తెలుగునాట 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల ఏర్పడగా, కింగ్ జార్జి ఆసుపత్రి వార్డులు దాని విద్యార్థులకు పాఠశాలలయ్యెను. నేటి భారతదేశమున నాలుగున్నర సంవత్సరముల చదువు ముగిసిన పిదప మరి యొక సంవత్సరము వివిధ విభాగములలో వంతులవారీగా పనిచేసినగాని వైద్యునిగా శాశ్వత నమోదు లభింపదు. 2019లో అమలునకు వచ్చిన పాఠ్యప్రణాళిక మొదటి సంవత్సరమునుండియే విద్యార్థికి రోగులతో పరిచయము కలిగించుచున్నది. అంతకు పూర్వమే, ప్రారంభపు వారములలో, అంటు సోకకుండ తీసికొనవలసిన జాగ్రత్తలు అతనికి నేర్పుదురు.