ఎలుకలు పట్టే పనికి మాట్లాడుకోవడానికి వెళ్తున్నారా? ఇలా సిద్ధం కండి

వరి నాట్లయ్యాక ఎలుకలు పట్టేవారి కోసం రైతులు వెతుకుతుంటారు. బుట్టలు పెట్టడం తెలిసిన సన్నకారు రైతుకు ఇది అదనపు ఆదాయం. అయితే "చాలా పట్టాను" అంటే పని ఇవ్వరు. పొలంలో ఎలుకలు తగ్గాయని ఎలా చూపిస్తారన్నదే అసలు ప్రశ్న.

ముందు పొలం చూడండి

రైతు అనుమతితో సాయంత్రం గట్ల మీది బొరియలన్నీ మట్టితో మూయండి. మర్నాడు ఉదయం తెరుచుకున్నవే ఎలుకలున్న బొరియలు. వాటి లెక్క రాసుకుని మాట్లాడటానికి వెళ్లండి.

రైతులు అడిగే ప్రశ్నలు

1. ఎప్పుడు మొదలుపెట్టాలి?
నాట్లు వేసిన కొద్ది వారాలకే, పైరు పొట్ట దశకు రాకముందే. గింజ దొరికే కాలంలో ఎలుకల సంతతి బాగా పెరుగుతుంది. అప్పటిదాకా ఆగితే పట్టినా ఫలితం తక్కువ.

2. నా పొలంలో ఒక్కదానిలో పెడితే చాలదా?
చాలదు. పక్క పొలాల ఎలుకలు మళ్లీ వస్తాయి. చుట్టుపక్కల రైతులంతా ఒకేసారి పెట్టించుకుంటే మేలని చెప్పండి.

3. బుట్టలో పాము పడితే?
చంపబోమని చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకు రక్షణ ఇస్తోంది. పైగా జెర్రిపోతు ఎలుకలను తింటుంది, రైతుకు మేలే చేస్తుంది. విషపు పాము అనిపిస్తే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి.

మీరు అడగాల్సినవి

- ఈ మధ్య ఎలుకల మందు పెట్టారా? పెట్టి ఉంటే ఆ ఎలుకలను తినకూడదు, కుక్కలకు వేయకూడదు. లోతుగా పాతిపెట్టాలి.
- కూలి ఎలుకకా, ఎకరాకా? ఎలుకకు ఇంత అంటే లెక్క దగ్గర తగవు వస్తుంది. ఎకరాకు మాట్లాడితే, ఎన్ని రోజులు, ఎన్ని బుట్టలు అన్నది ముందే తేల్చుకోండి.

ఆరోగ్యం జాగ్రత్త

ఎలుకల మూత్రం కలిసిన నీరు, బురద వల్ల ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) వస్తుంది. కాళ్లకు, చేతులకు పుండ్లుంటే బురదలోకి దిగకండి. బూట్లు, చేతి తొడుగులు వాడండి. జ్వరం వస్తే, ఎలుకల పని చేస్తున్నామని డాక్టరుకు చెప్పండి.

పని ముగిశాక మళ్లీ బొరియలు మూసి లెక్క చూపండి. మొదట 40 ఉన్నవి 5కి వస్తే, వచ్చే పంటకు ఆ రైతే మిమ్మల్ని పిలుస్తాడు.