నిశ్శబ్ద యానం: గుడ్లగూబ రెక్కపై శాస్త్రచింతన – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

దువ్వాడ రైల్వేస్టేషను హౌరా–చెన్నై ప్రధాన మార్గంపై, విశాఖ ఉక్కు కర్మాగారానికి చేరువలో ఉంది. అక్కడ రాత్రివేళ కూడా బండ్ల చప్పుడు ఆగదు. చెవినే ఆధారంగా చేసుకొని వేటాడే పక్షికి ఇటువంటి పరిసరం ఎటువంటిది? ఈ ప్రశ్నకు సమాధానం గుడ్లగూబ రెక్కను గూర్చిన అధ్యయన చరిత్రలో ఉంది. గుడ్లగూబ ఇంటిపై వాలితే అరిష్టమన్న నమ్మకం తెలుగునాట బలమైనది. అలికిడి లేని దాని రాక ఆ భయానికి ఊతమిచ్చి ఉండవచ్చు. ఆ మౌనం అతీతశక్తి కాదని, ఈకల నిర్మాణ ఫలితమని శాస్త్రం నిరూపించింది.

రెక్క నిర్మాణం – వేగం

1934లో ఆర్. ఆర్. గ్రాహం బ్రిటిష్ రాయల్ ఏరోనాటికల్ సొసైటీ పత్రికలో మూడు లక్షణాలను నిర్దేశించాడు: రెక్క ముందంచున దువ్వెనపళ్ల వంటి వరుస, వెనుకంచున మెత్తని కుచ్చు, ఉపరితలంపై మఖమలు వంటి నూగు. విమానాల చప్పుడు తగ్గించే మార్గాన్ని పక్షిలో వెదకడం ఈ పరిశీలన విశిష్టత.

1970లో ఫౌక్స్ విలియమ్స్, హాల్ చేసిన సిద్ధాంతీకరణ దీనికి గణిత భూమికను ఇచ్చింది. వాడి అంచును దాటే అల్లకల్లోల ప్రవాహం పుట్టించే ధ్వనితీవ్రత వేగపు ఐదవ ఘాతాన్ని అనుసరిస్తుంది. అనగా వేగం సగమైతే ధ్వని 32వ వంతుకు తగ్గుతుంది. శరీరభారానికి మించిన విశాలమైన రెక్కలు గల గుడ్లగూబ నెమ్మదిగా ఎగరగలదు. కనుక దాని నిశ్శబ్దానికి ఈకలతోపాటు మందగమనమూ కారణమే. 2 కిలోహెర్ట్జ్‌కు పైబడిన ధ్వని విశేషంగా అణగిపోతుందని 1998లో లిలీ వివరించాడు. ఎలుకలు చురుకుగా వినగల శ్రేణి కూడా అదే.

చెవి – రెక్క

బార్న్ ఔల్ అనే తెల్లమొహపు గుడ్లగూబ కటికచీకటిలో కేవలం శబ్దాన్ని బట్టి ఎలుకను పట్టగలదని రోజర్ పేన్ 1971లో ప్రకటించాడు. దీనితో ప్రశ్న మారింది. ఈ మౌనం ఎరను ఏమరించడానికా, తన చెవికి తన రెక్కల చప్పుడు అడ్డురాకుండా ఉండడానికా? ఆంధ్రదేశంలోనూ కనిపించే చేపల గుడ్లగూబ ఇక్కడ కీలక సాక్ష్యం. నీటిలోని చేపకు గాలిలోని రెక్కసవ్వడి అంతగా చేరదు. ఆ పక్షి వేటకు చూపు ప్రధానం. దాని రెక్కకు దువ్వెన వరుస ఉండదు. ఎగిరితే చప్పుడు వినిపిస్తుంది. అయితే ఈ సాక్ష్యం రెండు వాదాలకూ సరిపోతుంది. కనుక వివాదం పూర్తిగా తీరలేదు. నిశ్శబ్దం గుడ్లగూబ జాతి మొత్తానికీ సహజలక్షణం కాదనీ, వేటపద్ధతిని బట్టి ఏర్పడినదనీ మాత్రం స్పష్టం.

ముగింపు

1997లో జపాన్ 500 శ్రేణి షింకన్‌సెన్ రైలు పాంటోగ్రాఫ్ రూపకల్పనకు గుడ్లగూబ ఈకలే స్ఫూర్తినిచ్చాయి. మనిషి రైలు ఆ రెక్క నుండి మౌనం నేర్చింది. మరోవైపు, యంత్రాల, వాహనాల రొద గుడ్లగూబల వేటసామర్థ్యాన్ని తగ్గిస్తుందని 2016లో అమెరికా, జపాన్‌లలో జరిగిన ప్రయోగాలు తేల్చాయి. రెక్క ఎంత మౌనంగా ఉన్నా పరిసరపు రొద ఎర అలికిడిని మింగివేస్తే ఆ మౌనం నిష్ప్రయోజనం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లగూబను వేటగాని నుండి కాపాడుతుంది. రొద నుండి కాపాడదు. దువ్వాడ వంటి పారిశ్రామిక మండలాలలో రాత్రి ధ్వనిస్థాయిని జీవావరణ దృష్టితోనూ కొలవవలసిన అవసరాన్ని ఈ చరిత్ర సూచిస్తున్నది.