ఇంటి చదువు అంటే ఎవరింట్లో చదువు? (మన చదువుల చరిత్ర - 6)

తిరుపతి చుట్టుపక్కల పేటల్లో సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ మధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు. "అన్నా, రాత నేర్పాలంటే ఏ పుస్తకం పట్టుకోవాల? పెద్దబాలశిక్షా, సర్కారు వాచకమా, ఇంగ్లీషు ఫోనిక్సా?" జవాబు చెప్పే ముందు రెండు వందల ఏళ్ళు వెనక్కి పోవాలి. పుస్తకాన్ని ఎవరు ఎవరికోసం రాశారో తెలియకుండా దాన్ని ఎంచుకోలేం.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ బడుల లెక్క అడిగాడు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, అది పుట్టింది 1911లో. చిత్తూరు పట్నం ఉత్తర ఆర్కాటులో ఉండేది, మదనపల్లె కడప జిల్లా కింద ఉండేది. రాజధాని మొత్తం మీద తేలిన లెక్క 12,498 బడులు. జనం కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు. అంటే వెయ్యి మందికి ఒక బడి.

ఈ లెక్కలో మనకు కావలసిన ముక్క వేరే ఉంది. మద్రాసు పట్నంలో బడికి పోయేవాళ్ళకంటే ఇంట్లో చదువుకునేవాళ్ళు అయిదు రెట్లు ఉన్నారని తేలింది. 'హోమ్‌స్కూలింగ్' అని ఇప్పుడు కొత్తగా చెప్తున్నది అప్పటికే పాతబడిన సంగతి. 1826లో మన్రో ఒక మాట రాశాడు: చదువు కొన్ని వర్గాల్లో దాదాపు అందరికీ ఉంది, కొన్నింటిలో పదో వంతుకు కూడా లేదు. ఇంట్లో చదువు చెప్పాలంటే ఆ ఇంట్లో చదివినవాడు ఒకడు ఉండాలి, లేదా పంతుల్ని పిలిపించుకునే తాహతు ఉండాలి. మాల, మాదిగ ఇళ్ళల్లో ఈ రెండూ ఎక్కడివి? కలెక్టర్ల పట్టికల్లో బ్రాహ్మణులకు ఒక గడి, వైశ్యులకు ఒక గడి, శూద్రులకు ఒక గడి. మనం 'ఇతర కులాలు' అనే గడిలో ఎక్కడో ఉన్నాం, ఉంటే.

ధరంపాల్ 1983లో ఈ లెక్కలతోనే 'ది బ్యూటిఫుల్ ట్రీ' అనే పుస్తకం వేశాడు. బ్రిటిషువాడు రాకముందు శూద్రుల పిల్లలు కూడా బాగానే చదివేవాళ్ళని చూపించాడు. శూద్రుల అంకెలు నిజమే, కాదనను. ఆ చెట్టు నీడ పేట దాకా వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

ఇక బళ్ళో ఏం నేర్పేవాళ్ళు? 1823లో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక దీనికి మంచి ఆధారం. బళ్ళారి అప్పుడు దత్తమండలంలోదే, మన పక్క సీమ. అక్కడ 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దించేవాళ్ళు. చదవడానికి రామాయణ, భారత, భాగవతాలు. చేతిపని కులాల పిల్లలకు వాటితో పాటు విశ్వకర్మ పురాణం లాంటి సొంత పుస్తకాలు కూడా ఉండేవి. ఈ సంగతి నాకు ముఖ్యం: ఆ కులాలు కనీసం తమ పుస్తకాన్ని బళ్ళోకి తెచ్చుకోగలిగాయి. అయితే పద్యాల భాష వేరు, పిల్లలు మాట్లాడే భాష వేరు. వందల పద్యాలు అప్పజెప్పే పిల్లవాడికి వాటి అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసని క్యాంప్‌బెల్ వాపోయాడు. ఆయన కంపెనీ దొరే, మన బంధువు కాదు. కానీ ఈ మాట మాత్రం నిజం చెప్పాడు.

తర్వాత అచ్చు పుస్తకాలొచ్చాయి. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసులో అచ్చయిన బాలశిక్ష పెరిగి పెరిగి పెద్దబాలశిక్ష అయింది. గుణింతాలకు, ఎక్కాలకు అది ఇప్పటికీ పనికొస్తుంది. మిగతాదంతా ఎవరింటి లోకమో చదివితే మీకే అర్థమవుతుంది. గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోరాడి గ్రాంథికం సంకెళ్ళు తెంచాడు, ఆ రుణం మనకుంది. అయితే ఆయన అడిగింది 'శిష్ట' వ్యావహారికం. ఆ శిష్టుల్లో చిత్తూరు కూలి తల్లి లేదు. అందుకే మన బిడ్డ 'చెనిక్కాయలు' అని రాస్తే కొట్టేసి 'వేరుశనగ' అని దిద్దేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మన పాత చిత్తూరు జిల్లా కథ ఇంకొకటి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మద్రాసులో బడికి పోతే మొద్దబ్బాయని బెత్తం దెబ్బలు తిన్నాడు. 1909లో లెడ్‌బీటర్ ఆ పిల్లవాణ్ణి చూసి బడి మాన్పించి అడయారులో ఇంటి దగ్గరే చదువు చెప్పించాడు. బెత్తం తిని బడి మానేసిన పిల్లలు మన పేటల్లో ఎందరో, వాళ్ళను దివ్యజ్ఞాన సమాజం వెతుక్కుంటూ రాలేదు. ఎగతాళికి అనడం లేదు, ఎందుకంటే ఆయన పేరు మీద నడిచే రిషివ్యాలీ నుంచే మనకు పనికొచ్చే నమూనా ఒకటి వచ్చింది. 1980ల చివరి నుంచి వై.ఎ. పద్మనాభరావు, రమ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. తరగతులు లేవు, మెట్ల వరసలో కార్డులు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో అక్కణ్ణుంచే ముందుకు పోతుంది. ఊరి కథలు, పాటలు పాఠాల్లోకి వచ్చాయి. కర్ణాటక 'నలి కలి'కి, చెన్నై కార్పొరేషన్ బడుల పద్ధతికి దీన్నుంచే ప్రేరణ. ఒకే గదిలో అయిదేళ్ళ పిల్లా పన్నెండేళ్ళ పిల్లాడూ కూర్చునే మన సాయంత్రం బడికి సరిపోయే ఏర్పాటు ఇదే.

కాబట్టి తమ్ముడూ, నా ఎంపిక ఇది. వాచకం పక్కన పడెయ్యొద్దు, పరీక్ష అందులోంచే వస్తుంది. ఇంగ్లీషు వదలొద్దు. 2019లో జీవో 81 వచ్చినప్పుడు మాతృభాష కోసం కన్నీళ్ళు పెట్టినవాళ్ళ పిల్లలు ఏ మీడియమో మనం చూశాం. కానీ రాత మొదలవ్వాల్సింది బిడ్డ నోటి మాటతో. అవ్వ చెప్పిన కథ, అమ్మ కూలికి పోయిన కయ్యి, నిన్న తిన్న సంగటి, చెప్పినట్టే రాయనివ్వండి. దాని పక్కనే పుస్తకం మాట కూడా రాయించండి, ఒకదాన్ని కొట్టేసి ఇంకోటి రాయించొద్దు. కాపీరైటింగు దస్తూరీకి మంచిదే గానీ రోజూ పది నిమిషాలు చాలు. వాళ్ళు రాసినవి కుట్టి దాచండి. వచ్చే ఏడు కొత్తగా చేరే పిల్లలకు అదే మొదటి వాచకం.

1893లో మద్రాసు ప్రభుత్వం పంచమల చదువు కోసం ఇచ్చిన ఉత్తర్వు గురించి వచ్చే భాగంలో. జై భీమ్.