ఇంటి తీగపై వెబ్ సర్వర్

1990 సంవత్సరాంతమున జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో, టిమ్ బర్నర్స్-లీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుని గదిలో ఒక నల్లని కంప్యూటరు పనిచేయసాగినది. ప్రపంచంలో మొదటి వెబ్ సర్వర్ అదే. దానిని ఆపివేయరాదని ఎర్రసిరాతో వ్రాసిన కాగితం ఒకటి దానిమీద అంటించి ఉండేది. సర్వర్ అనగా వింత యంత్రమేమీ కాదు. ఎవరు ఎప్పుడు అడిగినా తనలోని పుటలను తీసి అందించుటకు ఎల్లవేళలా మేలుకొని ఉండే కంప్యూటరు. ఇంటిలోని మామూలు కంప్యూటరు కూడ ఈ పని చేయగలదు. 1995లో అపాచీ అనే ఉచిత సర్వర్ ప్రోగ్రాము వెలువడినది గనుక ఆ ఖర్చు కూడ లేదు. అయినా బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన ఇళ్ళలో సర్వర్లు వెలయలేదు. చిక్కు కంప్యూటరులో లేదు, తీగలో ఉన్నది.

మాటల కొరకు వేసిన టెలిఫోను తీగలో నాలుగు కిలోహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలే వాడుకలో ఉండేవి. ఆపైనున్నదంతా ఖాళీ. ఆ ఖాళీలో కంప్యూటరు సంకేతాలు పంపబోగా ఒక అడ్డంకి ఎదురైనది. ఎన్నో ఇళ్ళ తీగలు ఒకే కట్టగా ఎక్స్ఛేంజిని చేరును. ఇంటినుండి బయలుదేరిన సంకేతం అక్కడికి చేరుసరికి నీరసించి ఉండును. ఎక్స్ఛేంజి పక్కతీగలలోనికి పంపే సంకేతమో, అప్పుడే బయలుదేరి మంచి బలంతో ఉండును. అందులో కొంత ఈ తీగలోనికి పాకును. సంతలో చెవిపక్కన ఒకడు కేకలు వేయుచుండగా దూరాన ఉన్నవాని పిలుపు వినబడునా? ఇంటికి వచ్చే దారిని వెడల్పుగాను, ఇంటినుండి పోయే దారిని ఇరుకుగాను చేసినచో ఈ బాధ చాలవరకు తగ్గునని 1980 దశకం చివర అమెరికాలోని బెల్‌కోర్ సంస్థకు చెందిన జోసెఫ్ లెక్‌లైడర్ గ్రహించినాడు. టెలిఫోను తీగలపై ఇంటింటికీ సినిమాలు అందించాలన్నది అప్పటి కంపెనీల ఆశ. సినిమా చూచేవాడు తిరిగి పంపేదేముంటుంది? కనుక ఈ ఏర్పాటు అందరికీ నచ్చినది.

1999లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఆమోదించిన ఏ.డి.ఎస్.ఎల్. ప్రమాణంలో, ఇంటినుండి పోవుటకు సుమారు 25 నుండి 138 కిలోహెర్ట్జ్ వరకు, ఇంటికి వచ్చుటకు 138 నుండి 1,104 వరకు కేటాయించినారు. వచ్చే వేగం సెకనుకు 8 మెగాబిట్లు అయితే, పోయే వేగం ఒక మెగాబిట్టుకు కొంచెం అటూఇటూ. పాఠకునికి డౌన్‌లోడ్ అయ్యే పుట, సర్వర్ ఉన్న ఇంటికి అప్‌లోడ్ అని మరువరాదు. 2 మెగాబైట్ల పుట అనగా 16 మెగాబిట్లు. ఆ ఇంటివారు ఇతరుల పుటను 2 సెకనులలో తెప్పించుకొందురు. తమ పుటను ఒకరికి పంపుటకు 16 సెకనులు పట్టును. పదిమంది ఒకేసారి అడిగినచో చెప్పనక్కరలేదు.

రెండవ చిక్కు చిరునామాది. 32 బిట్ల ఐ.పి. చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలవని 1994లో ఒక ఉపాయం ప్రకటించినారు. దాని ప్రకారం ఇంటిలోని కంప్యూటర్లన్నీ రూటరు వెనుక ఉండి ఒకే చిరునామాను పంచుకొనును. బయటనుండి వచ్చిన అభ్యర్థన ఏ కంప్యూటరుకో రూటరుకు తెలియదు. ఇంటి యజమానే ముందుగా దానికి చెప్పిపెట్టవలెను. 2011 ఫిబ్రవరి 3న చిరునామాల కేంద్రనిధి ఖాళీ అయినది. పిమ్మట అనేక కంపెనీలు ఎన్నో ఇళ్ళను కలిపి ఒకే చిరునామా వెనుక ఉంచినవి. అటువంటి ఇంటివాడు తన రూటరుకు ఏమి చెప్పినా ప్రయోజనం లేదు. అసలు ద్వారం కంపెనీ చేతిలో ఉన్నది.

గాజుతీగకు పక్కతీగల బాధ లేదు. 128 బిట్ల కొత్త చిరునామాలకు కొరత లేదు; వాటి ప్రమాణం 1998లోనే వెలువడినది. అయినను, ఇళ్ళకు గాజుతీగలు వేయుటకై 2003లో రూపొందిన జీపాన్ ప్రమాణంలో కూడ ఎక్కువగా వాడినది ఇంటివైపు సుమారు 2.5 గిగాబిట్లు, ఇంటినుండి అందులో సగమే.